బ్యాక్‌ఆర్డర్లు: విశాఖ వ్యాపార సంస్థల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడిపేవారి నుంచి పరవాడ ఫార్మాసిటీలో స్టోర్స్ చూసేవారి దాకా, బ్యాక్‌ఆర్డర్ల గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. జవాబులు మాత్రం సరుకును బట్టి మారతాయి. అందుకే ఇక్కడ కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి.

సరుకు అయిపోవడం, బ్యాక్‌ఆర్డర్ రెండూ ఒకటే కదా?

కాదు. అరలో సరుకు లేదని తెలిసి కొనేవారు పక్క దుకాణానికి వెళ్లిపోతే అది పోయిన అమ్మకం. "వచ్చాక పంపండి" అని ఆర్డర్ మీ దగ్గరే ఉంచి వెళితే అది బ్యాక్‌ఆర్డర్. ఆ క్షణం నుంచి మీరు వారికి సరుకు రూపంలో బాకీ పడ్డట్టు. డబ్బు బాకీ అయితే ఎవరికి, ఎంత, ఏ తేదీకి అని లెడ్జర్‌లో రాసుకుంటాం. సరుకు బాకీకి మాత్రం చాలా సంస్థల్లో సేల్స్ కుర్రాడి ఫోనులోని వాట్సాప్ సందేశాలే దిక్కు. అతను సెలవు పెడితే ఎవరికి ఏం ఇవ్వాలో చెప్పేవారే ఉండరు.

ప్రీ ఆర్డర్, బ్యాక్‌లాగ్ అనేవి?

ఇంకా మార్కెట్లోకి రాని సరుకుకు ముందే పేరు రాయించుకోవడం ప్రీ ఆర్డర్. చేతిలో ఉన్న, ఇంకా పూర్తికాని పని మొత్తం బ్యాక్‌లాగ్. ఓడలు కట్టే సంస్థకు ఏళ్లకు సరిపడా బ్యాక్‌లాగ్ ఉంటే సంతోషించాలి. బేరింగుల దుకాణానికి నెల రోజుల బ్యాక్‌ఆర్డర్ ఉంటే కంగారు పడాలి.

కంప్యూటర్‌లో 30 ఉన్నట్టు చూపిస్తోంది. అయినా ఆర్డర్ ఎందుకు ఆగుతోంది?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సరిగ్గా అర్థమైతే మిగతావాటిలో చాలా వరకు వాటంతటవే విడిపోతాయి. లెక్క వేసి చూద్దాం.

ఒక బేరింగు నంబరు ఉంది. అరలో 30. వాటిలో 4 వానకు తడిసినవి. అమ్మకానికి పనికిరావు, కానీ స్టాక్ నుంచి ఎవరూ తీసేయలేదు. మిగిలిన 26 ఒక కాంట్రాక్టర్‌కు కేటాయించారు, రేపు లారీ వస్తుంది. అంటే ఇప్పుడు వచ్చే కొనుగోలుదారుకు ఇవ్వడానికి ఒక్కటి కూడా లేదు. ఇదివరకే వేరే వారికి 27 బాకీ ఉన్నారు. కంపెనీకి పెట్టిన 50 దారిలో ఉన్నాయి.

స్టాక్ రిపోర్టు, కొనుగోలు ఆర్డర్ మాత్రమే చూసేవారు 30కి 50 కలిపి 80 ఉన్నాయనుకుంటారు. అసలు లెక్క వేరు. 30లోంచి పాడైన 4, కేటాయించిన 26, బాకీ ఉన్న 27 తీసేసి, రావాల్సిన 50 కలపాలి. మిగిలేది 23. కొత్తగా ఎవరికైనా మాట ఇవ్వదలిస్తే ఆ 23లోంచే ఇవ్వాలి, అదీ దారిలో ఉన్న 50 చేరే తేదీకి. ఈ సరుకుకు మీ రీఆర్డర్ స్థాయి, అంటే లెక్క ఇంతకంటే తగ్గితే కొత్త ఆర్డర్ పెట్టాలనే గీత, 60 అనుకోండి. 80 చూసినవారు ధీమాగా కూర్చుంటారు. 23 చూసినవారు ఈరోజే కనీసం 37కి కొత్త ఆర్డర్ పెడతారు.

ట్యాలీప్రైమ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి రీఆర్డర్ స్టేటస్ రిపోర్టులో ముగింపు స్టాక్, రావాల్సిన కొనుగోళ్లు, ఇవ్వాల్సిన అమ్మకాలు, నికరంగా మిగిలేది, తక్కువపడేది ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆర్డర్లను సేల్స్ ఆర్డర్లుగా ఎక్కించినప్పుడే అది పనికొస్తుంది. ఫోనులో ఒప్పుకుని, సరుకు వచ్చాక నేరుగా బిల్లు కొట్టే అలవాటు ఉంటే ఆ 27 ఎక్కడా కనిపించవు.

బ్యాక్‌ఆర్డర్లు అసలు ఎందుకు వస్తాయి?

గిరాకీ అనుకోకుండా పెరిగిందని అందరూ చెబుతారు. నా అభిప్రాయంలో అంతకంటే పెద్ద కారణం లీడ్ టైమ్‌ను, అంటే ఆర్డర్ పెట్టాక సరుకు చేతికి రావడానికి పట్టే కాలాన్ని, తక్కువగా అంచనా వేయడం. సరఫరాదారు 10 రోజులంటాడు. ఆర్డర్ పెట్టిన తేదీ, గోడౌనులో సరుకు దించుకున్న తేదీ పక్కపక్కన పెట్టి గత పది కొనుగోళ్లు చూడండి. 14 రావచ్చు, ఒక్కోసారి 20 కూడా ఉండవచ్చు. ఫ్యాక్టరీ గేటు దాటడం, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లోడు నిండే దాకా ఆగడం, ఇక్కడికొచ్చాక దింపుడుకు మనుషులు దొరకడం అన్నీ లీడ్ టైమే. కొనుగోలు ఆర్డర్ పంపగానే పని అయిపోయిందనుకోవడం ఇల్లు అలకగానే పండగ అనుకోవడమే.

దిగుమతి సరుకైతే ఇంకో అంకె. విశాఖకు వచ్చే కంటైనర్లు చాలా వరకు కొలంబో, సింగపూర్ లాంటి రేవుల్లో ఓడ మారతాయి. అక్కడ ఒక ఓడ తప్పితే తర్వాతిది వచ్చేదాకా ఆగాలి. యూరప్ నుంచి హైడ్రాలిక్ భాగాలు తెప్పించేవారికి 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో నౌకలపై దాడుల దెబ్బ తగిలింది. నౌకలు సూయజ్ వదిలి ఆఫ్రికా దక్షిణ కొసన గుడ్ హోప్ అగ్రం చుట్టి రావడంతో ప్రయాణం సుమారు 10 నుంచి 14 రోజులు పెరిగింది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ నౌక అడ్డం తిరిగి సూయజ్ కాలువ ఆరు రోజులు మూసుకుపోయినప్పుడు ఆ చిక్కుముడి విడిపోవడానికి వారాలు పట్టింది.

ఆ తర్వాత మన ఊరి క్యాలెండర్. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌కూ దానంతట అది తెలియదు.

క్యాలెండర్ అంటే? మా అమ్మకాలు సగటున ఏడాదంతా ఒకేలా ఉంటాయే?

సగటు అలాగే చెబుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు ఇంజిన్ల విడిభాగాలు అమ్మేవారిని అడగండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యాంత్రిక బోట్లకు చేపల వేట నిషేధం. బోటు ఒడ్డున ఉండే ఆ రెండు నెలల్లోనే ఇంజిన్ విప్పుతారు, లైనర్లు, పిస్టన్లు మారుస్తారు, షాఫ్టు బేరింగులు, గేర్‌బాక్సు చూస్తారు. జూన్ 14 అర్ధరాత్రి దాటేసరికి బోటు సిద్ధంగా ఉండాలి. ఆ తేదీ ఎవరి కోసమూ జరగదు. ఏడాది అమ్మకాన్ని పన్నెండుతో భాగించి నెలకింత అని స్టాక్ పెట్టేవారు ఏప్రిల్ ఆఖరుకే చేతులెత్తేస్తారు. జూన్ 20న వచ్చిన లైనర్లు మళ్లీ వచ్చే ఏడాది దాకా అరలోనే ఉంటాయి.

అందువల్ల అలాంటి సరుకుకు లెక్క వెనక నుంచి వేయాలి. మార్చి ఆఖరుకు గోడౌనులో ఉండాలంటే, చైనా నుంచి వచ్చేదైతే, జనవరిలో ఆర్డర్ పెడదామనుకుంటాం. జనవరి ఆఖరు, ఫిబ్రవరి మధ్య చైనా కొత్త సంవత్సరం వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీలు రెండు మూడు వారాలు, కొన్ని ఇంకా ఎక్కువ కాలం మూతపడతాయి. ఇక్కడ మన సంక్రాంతి సెలవులు వేరే. అంటే నిర్ణయం డిసెంబరు మొదట్లోనే జరిగిపోవాలి, ఎవరికీ చేపల వేట గుర్తురాని నెలలో.

స్టీల్ ప్లాంటు, రిఫైనరీ పనులు చేసే కాంట్రాక్టర్లకు సరఫరా చేసేవారికి ఇలాంటి పోటు మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ రోజుల్లో వస్తుంది. షట్‌డౌన్ తేదీలు కాంట్రాక్టర్లకు ముందే తెలుస్తాయి. వారిని అడిగి తెలుసుకోవడానికి ఒక ఫోను చాలు.

ఇక అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. జనరేటర్ భాగాలు, కేబుళ్లు, రేకులు అడిగేవారు ఒక్కసారిగా పెరిగారు, తెచ్చే లారీలు దారిలో ఆగాయి. అంతటి తుపానుకు సరిపడా సరుకు ఏడాదంతా పోగేసుకోమని ఎవరూ చెప్పరు. ఆ రెండు నెలలకు కొన్ని వస్తువుల స్థాయి పెంచితే చాలు.

రీఆర్డర్ స్థాయి ఎలా నిర్ణయించాలి?

రోజువారీ సగటు అమ్మకాన్ని లీడ్ టైమ్ రోజులతో హెచ్చించి, దానికి ఆలస్యాలకు ఆసరాగా ఉంచే రక్షణ నిల్వ కలపాలి. పైన చెప్పిన బేరింగు రోజుకు 3 పోతుంది, లీడ్ టైమ్ 14 రోజులు. అంటే 42. ఎప్పుడైనా 20 రోజులు పట్టిన అనుభవం ఉంటే ఆ అదనపు 6 రోజులకు 18. మొత్తం 60.

గణితం ఇష్టమైనవారు లీడ్ టైమ్‌లో గిరాకీ ఎంత ఊగుతుందో దాని ప్రామాణిక విచలనాన్ని 1.65తో హెచ్చించి 95 శాతం భరోసా అంటారు. ఒక జాగ్రత్త: సరుకు తెప్పించే ప్రతి విడతలో ఒక్కసారి కూడా అయిపోకుండా ఉండే అవకాశం 95 శాతమని దాని అర్థం. అడిగిన ప్రతి వందలో 95 ఇవ్వగలరని కాదు. ఈ రెండింటినీ కలిపేసి బోర్డు ముందు స్లైడు పెట్టేవారు చాలామందే ఉన్నారు.

25 మాత్రమే వచ్చాయి, 60కి బాకీ ఉంది. ముందు ఎవరికి ఇవ్వాలి?

ముందు అడిగిన వారికి ముందు ఇవ్వడం న్యాయంగా కనిపిస్తుంది, గొడవ తక్కువ. నేనైతే ఒక మినహాయింపు పెడతాను: యంత్రం ఆగిపోయి కూర్చున్నవారు ముందు. ఎక్స్‌కవేటర్ సిలిండర్ సీలు లేక సైటులో బండి ఆగితే రోజు అద్దె, డ్రైవరు జీతం, కింద పనివారి కూలీ అన్నీ పోతాయి. అదే సీలు కిట్టును అరలో నిల్వకు అడిగినవారు వారం ఆగగలరు. ఆర్డర్ రాసుకునేటప్పుడే "యంత్రం ఆగిందా, నిల్వకా?" అని ఒక్క మాట అడిగి రాసుకోండి. తర్వాత అడిగితే అందరి యంత్రాలూ ఆగిపోయే ఉంటాయి.

పెద్ద కొనుగోలుదారు అరిచాడని వరుస మార్చడం మాత్రం ఒకసారి చేస్తే అలవాటైపోతుంది. మార్చే అధికారం ఒక్కరి దగ్గరే ఉండాలి, ఎందుకు మార్చారో ఆ వరుస పక్కన రాయాలి.

ఉన్నంత పంపి మిగతాది తర్వాత పంపవచ్చా?

కొనేవారు ఒప్పుకుంటే పంపవచ్చు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 38 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే విడతలుగా ఇచ్చే సరుకు తీసుకోవాల్సిన బాధ్యత కొనుగోలుదారుపై లేదు. సెక్షన్ 37 ప్రకారం ఒప్పుకున్నదానికంటే తక్కువ పంపితే తిరస్కరించవచ్చు. తీసుకుంటే మాత్రం తీసుకున్నంతకు ఒప్పుకున్న ధర ఇవ్వాలి. కాబట్టి ఆర్డర్ ఫారంలో విడతల మాట ఒక వాక్యం ఉంచండి.

ఖర్చు కూడా చూసుకోవాలి. ప్రతి విడతకు వేరే బిల్లు, వేరే రవాణా, విలువ 50,000 రూపాయలు దాటితే వేరే ఈ-వే బిల్లు. 200 రూపాయల సరుకు కోసం 300 రవాణా పెట్టేకంటే తర్వాతి లోడులో కలపడమే మేలు. సెట్టుగా పనికొచ్చే వస్తువులను విడదీసి పంపవద్దు: పిస్టన్ చేరి రింగులు చేరకపోతే మెకానిక్ చేయగలిగేది ఏమీ లేదు.

అడ్వాన్సు తీసుకోవచ్చా? జీఎస్టీ సంగతి?

ప్రత్యేకంగా తెప్పించే, మరొకరికి అమ్ముడుపోని సరుకుకు తప్పకుండా తీసుకోవాలి. వస్తువుల అమ్మకంలో, కాంపొజిషన్ పథకంలో లేనివారికి, 2017 నవంబరు 15 నుంచి అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టాల్సిన అవసరం లేదు. సరుకు సరఫరా చేసి బిల్లు ఇచ్చేటప్పుడే. సేవలకు ఈ వెసులుబాటు లేదు, అందువల్ల విడిభాగంతోపాటు బిగింపు చార్జీ కూడా ముందే తీసుకుంటే రెండింటినీ విడిగా రాయండి.

బ్యాక్‌ఆర్డర్ సాగుతుండగా పన్ను రేటు మారితే? 2025 సెప్టెంబరు 22న 28 శాతంలో ఉన్న వాహన విడిభాగాలు 18 శాతంలోకి వచ్చినప్పుడు ఈ ప్రశ్న చాలామందికి ఎదురైంది. అడ్వాన్సు ముందే తీసుకున్నా, సరుకూ బిల్లూ ఆ తేదీ తర్వాతివైతే కొత్త రేటే. అంతకుముందు 28 శాతం వేసి కొటేషన్ ఇచ్చినవారు తేడా తగ్గించి బిల్లు ఇవ్వాలి. సరుకు చేరేదాకా అడ్వాన్సు మీ ఆదాయం కాదు, లెక్కల్లో అది అప్పుల వైపే ఉంటుంది.

కస్టమర్‌కు ఏమని చెప్పాలి?

తేదీ చెప్పాలి. "రేపు వచ్చేస్తుందండి", "లారీ బయల్దేరింది సార్" అనే మాటలకు ఈ వ్యాపారంలో విలువ ఎప్పుడో పోయింది. పన్నెండు రోజులు పడుతుందని మొదటే చెబితే సగంమంది ఆగుతారు. రోజుకొక రేపు చెబితే పన్నెండో రోజుకు వారు మీ సరుకునే కాదు, మీ ఫోనును కూడా తీసుకోరు.

ఇలాంటి సందేశం చాలు:

"నమస్కారమండి. మీరు అడిగిన 40 బేరింగుల్లో 25 ఈరోజు పంపిస్తున్నాం, లారీ రసీదు ఫొటో జత చేశాం. మిగిలిన 15 ఈ నెల 22వ తేదీకి మా గోడౌనుకు వస్తాయి, 23న పంపుతాం. 20న మరోసారి తెలియజేస్తాం. అంతదాకా ఆగలేకపోతే చెప్పండి, ఆ 15 రద్దు చేస్తాం."

ఇందులో ముఖ్యమైనది 20వ తేదీ మాట. సరుకు రాకముందే, వారు అడగకముందే ఒకసారి మీరే ఫోను చేయాలి. ఆ రోజు చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా సరే, చేయాలి.

కొరత అని తెలియగానే అందరూ రెట్టింపు అడుగుతున్నారు. నిజమైన గిరాకీ ఎంత?

మీ పుస్తకంలో ఉన్నంత ఉండదు. సగమే ఇస్తారని తెలిసినవారు 20 కావాలంటే 40 రాయిస్తారు. ఇంకొందరు అదే 20 మూడు దుకాణాల్లో రాయించి, ముందు ఇచ్చినవారి దగ్గర తీసుకుని మిగతా ఇద్దరికీ చెప్పరు. దుకాణదారు ఆ లెక్కను డీలరుకు, డీలరు కంపెనీకి పంపేసరికి అంకె కొండంత అవుతుంది. సరఫరా శాస్త్రంలో దీనికి బుల్‌విప్ ప్రభావమని పేరు. కొరత తీరిన రోజున ఆ ఆర్డర్లన్నీ మాయమై, సరుకు మాత్రం మీ నెత్తిన మిగులుతుంది.

కొంత అడ్వాన్సు అడగండి, పుస్తకం దానంతట అదే సన్నబడుతుంది. పంచేటప్పుడు ఈరోజు అడిగినదాని ప్రకారం కాకుండా గత ఏడాది వారు కొన్నదాని ప్రకారం పంచండి. పదిహేను రోజులకొకసారి పుస్తకంలో ఆర్డర్ ఉన్న ప్రతివారికీ ఫోను చేసి "ఇంకా కావాలా?" అని అడగండి.

బదులు సరుకు ఇవ్వవచ్చా?

వీ-బెల్టుకు వేరే కంపెనీది ఇవ్వవచ్చు, చెప్పి ఇవ్వాలి. ఫార్మా కంపెనీకి ముడిపదార్థం అలా మార్చడం కుదరదు. తయారీదారును వారు ముందుగా తనిఖీ చేసి ఆమోదించి ఉండాలి. కొత్తవారిని చేర్చుకోవడానికి నెలలు పడుతుంది. అలాంటి చోట రెండో సరఫరాదారును కొరత లేని రోజుల్లోనే ఆమోదింపజేసుకోవాలి.

ఎంత శాతం బ్యాక్‌ఆర్డర్లు ఉంటే ఫర్వాలేదు?

అందరికీ వర్తించే అంకె లేదు. శాతం కంటే వయసు చూడండి. పుస్తకంలో పది ఆర్డర్ వరుసలు మూడు రోజులవి ఉండటం వేరు, రెండు వరుసలు తొంభై రోజులవి ఉండటం వేరు. ఆ రెండూ చాలా వరకు ఎవరూ ఆర్డర్ పెట్టకుండా మర్చిపోయినవే అయి ఉంటాయి.

వయసు లెక్కించే తీరిక లేనివారికి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటి ఉంది. రోజుకు సగటున 2 కొత్త వరుసలు చేరుతూ, పుస్తకంలో ఎప్పుడూ సుమారు 24 ఉంటే, ఒక్కో వరుస సగటున 12 రోజులు ఆగుతున్నట్టు. మీ సేల్స్ విభాగం "అయిదు రోజుల్లో ఇస్తున్నాం" అంటే ఈ భాగహారం చేసి చూపించండి.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ కొనాలా?

వందల్లో వస్తువులుంటే ఎక్సెల్ షీటు చాలు: తేదీ, ఎవరు, వస్తువు నంబరు, ఎన్ని, యంత్రం ఆగిందా, ఇస్తామని చెప్పిన తేదీ, దానికోసం పెట్టిన కొనుగోలు ఆర్డర్ నంబరు. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసలే అసలు ప్రమాదం. సరుకు లారీ దిగినప్పుడు అరలో సర్దకముందే ఈ షీటు చూడాలి. అరలోకి వెళ్లిన సరుకును కౌంటరుకు వచ్చిన మొదటి మనిషి కొనుక్కుపోతాడు, పదిహేను రోజులుగా ఆగినవారు అలాగే ఉండిపోతారు.

బ్యాక్‌ఆర్డర్లు అసలే లేకుండా చేయవచ్చా?

చేయవచ్చు, గోడౌను నిండా డబ్బు పోసి. ఏడాదికి రెండే అమ్ముడయ్యే లక్ష రూపాయల పంపు అరలో పెట్టుకోవడం తెలివి కాదు. దాన్ని "ఆర్డర్ మీదే, ఆరు వారాలు" అని ధరల పట్టికలోనే రాసేయండి. రోజూ పోయే ఫిల్టర్లు, బెల్టులు, సీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. నలభై రూపాయల ఓ-రింగు లేక బండి ఆగిందంటే దానికి సాకు ఉండదు.

రద్దయిన ఆర్డర్ తాలూకు సరుకు వచ్చి మిగిలిపోతే?

వెనక్కి తీసుకుంటారేమో సరఫరాదారును ఆ వారంలోనే అడగండి, నెల దాటితే ఒప్పుకోరు. లేదంటే అదే యంత్రం వాడే ఇతర కస్టమర్లకు ఫోను చేయండి. ఏది చేసినా, ఆ వస్తువుకు రీఆర్డర్ స్థాయిని సున్నా చేయడం మరవద్దు. లేకపోతే అది ఎలాగోలా అమ్ముడైన రోజు కంప్యూటర్ మళ్లీ ఇంకొకటి తెప్పించమంటుంది.